వకుళ కనిపెట్టిన కొరమీను గూడు

మన తాతల తాతలు దోనెల్లో పెళ్లిళ్లకు తరలివెళ్లిన రోజుల మాట ఇది. అప్పట్లో తుంగసీమ అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యం నడుమ నీలాల సరస్సు ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టి వలకు వెళ్లినా, నీళ్లు మరిగేలోగా కొరమీనుతో తిరిగి రావచ్చని పెద్దలు చెప్పుకునేవారు.

అంతటి సరస్సులో కొరమీనుకు కరువొచ్చింది. ఏటికేడు తగ్గి, చివరికి వలలు ఖాళీగా తేలాయి. ఒడ్డున బతికే జాలరులు తట్టాబుట్టా సర్దుకోసాగారు.

రాజు ఇందుశేఖరుడు కలవరపడ్డాడు. "కొరమీను ఎక్కడ గుడ్లు పెడుతుందో, పిల్లలు ఎందుకు మిగలడం లేదో కనిపెట్టినవారికి సరస్సు మీద అధికారం ఇస్తాను" అని చాటింపు వేయించాడు.

ముందుగా ఆస్థాన వైద్యుడు గోవర్ధనుడు వచ్చాడు. ఉన్న కాసిని చేపలనూ పట్టించి కడుపులు కోశాడు.

"గుడ్లు నిండుగా ఉన్నాయి ప్రభూ. ఇవి గొడ్డుచేపలు కావు" అన్నాడు.

"మరి ఎక్కడ పెడతాయి?" అన్నాడు రాజు.

చెప్పవలసిన చేపలు బల్ల మీద చచ్చి పడున్నాయి.

తరువాత మందపాలుడనే శిల్పి వచ్చాడు. పాలరాతి కొలను కట్టి అందులో చేపలను వదిలాడు. పొద్దున్నే ఒక్కొక్కదాన్నే పట్టుకుని పొట్ట నొక్కి చూసేవాడు. అవి మేత మాని, గోడలకు మూతులు గుద్దుకున్నాయి. ఒక్కటీ గుడ్డు పెట్టలేదు.

మూడవది వకుళ. ఆమె తండ్రి పిట్టల గూళ్లను ముట్టకుండా, దూరంనుంచే చూసి వాటి బతుకును చదివిన పండితుడు. ఆయన పోయాక ఆ ఓపికే ఆమెకు ఆస్తిగా మిగిలింది.

"కోయకుండా, పట్టకుండా ఏం తెలుస్తుంది తల్లీ?" అన్నాడు గోవర్ధనుడు.

"కోస్తే కడుపులో ఏముందో తెలిసింది కదండీ. కన్న పిల్లలు ఎలా పెరుగుతాయో చూడాలంటే తల్లి బతికుండాలి" అంది వకుళ.

తొలకరి పడగానే ఆమె చిన్న దోనె తీసుకుని ఒడ్డు దగ్గరి తుంగలోకి వెళ్లింది. తెడ్డు పక్కన పెట్టి, కదలకుండా కూర్చుంది. కొరమీను గాలి పీల్చడానికి నీటిపైకి వస్తుంది. ఆ బుడగలే ఆమెకు జాడ. ఒకచోట రెండు చేపలు పదేపదే పక్కపక్కనే పైకి రావడం గమనించింది. అక్కడ తుంగ నడుమ గుండ్రంగా శుభ్రం చేసిన నీళ్లు, వాటి మీద తేనెరంగు గుడ్లు!

తెల్లని ఆల్చిప్పతో ఒక్క గుడ్డును నీటితో సహా ఎత్తింది. లోపల చిన్న ప్రాణం మెదులుతోంది. అంతలో కాపలా ఉన్న తండ్రిచేప వచ్చి ఆమె చేతిని ఢీకొట్టింది.

"తప్పే నాయనా! ఇదిగో నీ బిడ్డ" అని వకుళ గుడ్డును మళ్లీ గూట్లోకి జార్చింది.

మర్నాడు పొద్దున పడవల నిండా మనుషులు కొడవళ్లతో వచ్చారు. తుంగను బారులుగా కోయసాగారు.

"ఆగండన్నా! అక్కడ గుడ్లున్నాయి!"

"రాజాజ్ఞ తల్లీ. రాజమాత పడవ విహారానికి వస్తున్నారు. ఏటా చేసే పనే ఇది."

ఆమె కళ్ల ముందే గూడు చెదిరింది. తల్లిచేప, తండ్రిచేప ఆ చోటు వదలక తిరుగుతూనే ఉన్నాయి. వకుళకు ఏడుపు ఆగలేదు.

నిజం చెబితే రాజుకు కోపం వస్తుంది. చెప్పకుంటే సరస్సు గొడ్డుపోతుంది. ఆమె తడిచీరతోనే సభకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది.

రాజు ముఖం ఎర్రబడింది. "మా అమ్మ వేడుకే చేటంటావా?"

పక్కనే కూర్చున్న రాజమాత రేవాదేవి చెయ్యెత్తి ఆపింది. ఆమె ఆ సరస్సు ఒడ్డునే పుట్టి పెరిగిన మనిషి.

"నా చిన్నప్పుడు మా నాన్న దోనెలో తిప్పేవాడు" అంది మెల్లగా. "నీళ్ల మీద కుంకుమ చల్లినట్టు ఎర్రని చేపపిల్లల గుంపు కదిలేది. 'అడుగున వాళ్లమ్మ ఉంది, చెయ్యి పెట్టకే' అనేవాడు. ఆ రోజుల మీద బెంగతోనే కదా నాయనా, ఏటా పడవ ఎక్కుతానన్నాను. నా దారికి అడ్డం రాకూడదని నువ్వు తుంగ కోయించావు. నీ ప్రేమా తప్పు కాదు, నా బెంగా తప్పు కాదు. కాని ఇద్దరం ఆ నీళ్లకేసి ఒక్కసారీ చూడలేదు."

రాజు సింహాసనం దిగి తల్లి పాదాల దగ్గర కూర్చున్నాడు. ఆనాటితో విహారం ఆగింది. సరస్సు మీద అధికారం వకుళది అయింది. గోవర్ధనుడు తనే వచ్చి, "నన్నూ దోనెలో కూర్చోనిస్తావా అమ్మా?" అని అడిగాడు.

మరు తొలకరికి తుంగ ఏపుగా పెరిగింది. గుడ్లు పిల్లలయ్యాయి. జాలరులు మూటలు విప్పుకున్నారు.

రాజు పరుగున తల్లి దగ్గరకు వచ్చాడు. "అమ్మా, పిల్లలు వచ్చాయట! పడవ సిద్ధం చేయించనా?"

రాజమాత నవ్వింది. ఆ నవ్వులోనే కళ్లు చెమర్చాయి.

"వద్దు నాయనా. పురిటిగదిలోకి మందీమార్బలంతో పోతామా? వకుళ చూసొచ్చి చెబుతుంది, నేను వింటాను."

ప్రాణం తీసి తెలుసుకున్నది సగమే. దయతో, ఓపికతో చూసే కంటికే ప్రాణి తన గుట్టు విప్పుతుంది.