గడ్డందాకా లాగిన బాణం

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ వంశంలో ఒక పెద్ద పట్టింపు. బాణం వేస్తే నారి చెవిదాకా లాగాల్సిందే. మూలపురుషుడు అలాగే లాగేవాడట. ఆయన చేతులు మోకాళ్ళు దాటేవన్న సంగతి మాత్రం అందరూ హాయిగా మరిచిపోయారు.

ఒకనాడు వాళ్ళ మేనమామ కూతురు కనకవల్లిని కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో, తాటిచెట్టు కింద నిలబెట్టి, మెల్లమెల్లగా రాయి చేయసాగాడు. వాడి ప్రాణం ఆ చెట్టు మీది చిలకలో ఉంది.

పెద్దవాడు వెళ్ళాడు. చెవిదాకా లాగాడు. భుజం పట్టేసింది, బాణం సముద్రంలో పడింది. రెండోవాడు వెళ్ళాడు. చెవిదాకా లాగాడు. భుజం పట్టేసింది, బాణం ఇసుకలో పడింది. ఇద్దరూ చేతులు మెడకు కట్టుకుని తిరిగొచ్చారు. మీసాలు మాత్రం దించలేదు, చెవిదాకా లాగారు కదా మరి.

మూడోవాడు విజయపాలుడు వెళ్ళాడు. పాపం, పొట్టి చేతులవాడు. అతని దగ్గర మూడే బాణాలున్నాయి. చెవిదాకా లాగి రెండు వేశాడు, రెండూ గురి తప్పాయి. భుజం సలపరించింది. కనకవల్లి అప్పటికే మెడదాకా రాయి అయిపోయింది. అతనికి ఏడుపొచ్చింది.

చెట్టు మొదట్లో కూర్చున్న కొండముచ్చు ఒకటి తన పొడుగాటి చెయ్యి చాపి చూపించింది.

"రాజకుమారా, ఇంత చెయ్యి నాకుంది, నీకు లేదు. నీ భుజం ఎక్కడ ఎదురు తిరుగుతుందో అక్కడ ఆగు."

వంశం పరువేం కావాలని అతను ఒక్క క్షణం తటపటాయించాడు. కనకవల్లి కళ్ళవైపు చూశాడు. నాలుగడుగులు ముందుకు వెళ్ళి, మూడో బాణం ఎక్కుపెట్టాడు. నారి గడ్డం దగ్గర ఆగింది. భుజం కిమ్మనలేదు. బాణం సూటిగా వెళ్ళి చిలకకు తగిలింది. ఎక్కడున్నవాడు అక్కడే కూలాడు కరాళుడు. కనకవల్లి మళ్ళీ మనిషై గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

తిరిగొచ్చాక నిండు సభలో రాజు అడిగాడు, నారి ఎందాకా లాగావని. అన్నలిద్దరూ చెవులు రిక్కించారు.

విజయపాలుడు తలెత్తే చెప్పాడు. "గడ్డందాకా, నాన్నగారూ. నా చెయ్యి అంతే వస్తుంది. ఆ చేత్తోనే కొట్టాను."

రాజు సింహాసనం దిగి వచ్చి, కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

"వీడు నా కొడుకు," అన్నాడు అందరికీ వినబడేలా.

కనకవల్లితో పెళ్ళి వైభోగంగా జరిగింది. విజయపాలుడు చాలాకాలం రాజ్యమేలాడు. ఆ రాజ్యంలో పిల్లలు విల్లు పడితే, ముందుగా వాళ్ళ చేతులు చాపించి చూసేవారు. ఎవరి నారి ఎక్కడ ఆగినా ఎవరూ నవ్వేవారు కాదు.