తౌడు తూకం, దోసకాయ లెక్క

పాకలపేటలో కొయ్యాన వారింట్లో నలుగురున్నారు. నలుగురూ తెలివైనవాళ్ళే. ఈ మాట ఊరు అనలేదు. వాళ్ళే ఒకరోజు అరుగు మీద కూర్చుని చేతులెత్తి తేల్చుకున్నారు, నాలుగుకి నాలుగు చేతులూ లేచాయి. తల్లి సత్తెమ్మకి అనుభవం ఎక్కువ. పెద్దకొడుకు గురువులుకి లెక్కలు ఎక్కువ, ఇరవయ్యో ఎక్కం దాకా నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అతని పెళ్ళాం నీలవేణికి నిజాయితీ ఎక్కువ. చిన్నకొడుకు తౌడుకి బరువు ఎక్కువ.

ఆ బరువే కొంప మీదకి తెచ్చింది.

మూడేళ్ళ కిందట తౌడు పచ్చకామెర్లతో మంచం పట్టి మండలం ఆసుపత్రిలో చేరాడు. సత్తెమ్మ గెడ్డమ్మ తల్లి గుడికి పరిగెత్తి, "తల్లీ, నా కొడుకు లేచి తిరిగితే నా కొడుకెత్తు బెల్లం నీకు తూచి ఇస్తాను. మా చెరుకు, మా పెనం, మేం వండిన బెల్లం. కొన్న బెల్లం గోరంత కలపను" అని మొక్కుకుంది. తౌడు లేచాడు. లేచి అన్నం ముందు కూర్చున్నాడు.

ఈ ఏడు వాళ్ళ చెరుకంతా ఆడి, వండి, ఎనిమిది దిమ్మలు అటకెక్కించారు. దిమ్మ పది కిలోలు, మొత్తం ఎనభై. చేలో ఇంక చెరుకు గెడ లేదు. అప్పుడు తౌడుని తీసుకెళ్ళి బెల్లం మార్కెట్టు కాటా మీద నిలబెట్టారు. తొంభై రెండు.

అమ్మవారి పండక్కి నలభై రోజులుంది. పండగైన వారానికి తౌడు పెళ్ళి. పెళ్ళికూతురు ముత్యాలు సత్తెమ్మ అన్నకూతురే, మండలం ఆసుపత్రిలో నర్సు. ఆమె తండ్రి ఒకటే మాటన్నాడు: "మొక్కు తీరకుండా తాళి కట్టడానికి వీల్లేదు. బెల్లం తూగితే పెళ్ళి, తూగకపోతే లేదు."

"పన్నెండు కిలోల కొడుకు ఎక్కువైపోయాడర్రా!" అని సత్తెమ్మ నెత్తి బాదుకుంది.

గురువులు కాసేపు కళ్ళు మూసుకుని లెక్క వేశాడు. "బెల్లం పెరగదు. కాబట్టి తమ్ముడు తగ్గాలి."

ఇంత చటుక్కున తేల్చినందుకు అందరూ అతన్ని మెచ్చుకున్నారు. ముత్యాలుకి కబురెళ్ళింది. ఆదివారం పూట ఆమె ఒక కాగితం పట్టుకొచ్చింది, రెండు వైపులా రాసింది.

"ఇదిగో బావా, తగ్గడానికి రెండు పద్ధతులున్నాయి. ఇటువైపు పాయింట్లు. రోజుకి నీకు ఇరవై మూడు. ఇడ్లీకి రెండు, గిన్నెడు వేటమాంసం కూరకి తొమ్మిది, ఇలాగ రాశాను. కూరగాయలకీ పళ్ళకీ సున్నా. నడిస్తే పైన పాయింట్లు కలిసొస్తాయి. అటువైపు క్యాలరీలు. రోజుకి పదిహేను వందలు. అందులో ఏది తిన్నా లెక్కే, దోసకాయ ముక్కతో సహా. తూచి రాసుకోవాలి."

"రెంటిలో ఏది మంచిది?" అన్నాడు తౌడు.

"పాయింట్ల లెక్క సులువు. సున్నాయే కదాని గంపెడు పనసతొనలు తింటే మాత్రం మునిగినట్టే. క్యాలరీల లెక్క ఖచ్చితం. రోజూ తూచి రాయడం మాత్రం విసుగు. నిజాయితీగా చేస్తే రెండూ ఒకచోటికే తీసుకెళ్తాయి. నీకు ఏది కుదిరితే అది పట్టుకో. పన్నెండూ తగ్గలేకపోయినా తగ్గినంత తగ్గుదువు." అడుగులు లెక్కపెట్టే పట్టీ ఒకటి అతని చేతికి కట్టి, బస్సుకి వేళైందని వెళ్ళిపోయింది.

గురువులు కాగితాన్ని ఇటూ అటూ తిప్పాడు. "ఇరవై మూడెక్కడ, పదిహేను వందలెక్కడ! అరవై అయిదు రెట్లు తేడా. క్యాలరీల్లో తినేవాడు అరవై అయిదు మంది తిండి తింటున్నాడన్నమాట."

"ఓలమ్మో!" అంది సత్తెమ్మ.

"అయినా పరీక్ష చెయ్యకుండా నమ్మకూడదు. తమ్ముడు పాయింట్లు చేస్తాడు, నేను క్యాలరీలు చేస్తాను."

"నీ ఒంట్లో ఏటుందిరా తగ్గడానికి?"

"పరీక్షకి ఒళ్ళెందుకమ్మా, బుర్ర ఉంటే చాలు." గురువులు అరవై ఒక్క కిలోలు.

మొదటిరోజు పొద్దున్నే తౌడు పదకొండు ఇడ్లీలు తిన్నాడు. ఇరవై రెండు పాయింట్లు. మధ్యాహ్నం వేటమాంసం వండారు. చేతిలో ఒక్క పాయింటుంది, కూరకి తొమ్మిది కావాలి. తౌడు గిన్నె వైపు చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఏడవకు," అన్నాడు గురువులు. "దోసకాయకి ఎన్ని?"

"సున్నా."

"తొమ్మిదిని సున్నాతో హెచ్చవేస్తే?"

"సున్నా."

"మరింకేటి? దోసకాయ ముక్క నంజుకుని తిను."

అంతే. తౌడు రెండు గిన్నెలు లాగించాడు. మూడో గిన్నెకి నీలవేణికి అనుమానం వచ్చింది. "ఒక్క ముక్క మూడు గిన్నెలకి ఆగుతుందంటారా?"

"సున్నాకి ఆకలి ఎక్కువే. ఎన్నున్నా మింగేస్తుంది," అన్నాడు గురువులు.

నాలుగోరోజుకి ఇంకో సంగతి తేలింది. ముక్క తినక్కర్లేదు, పళ్ళెంలో ఉంటే చాలు. ఆరోరోజుకి పళ్ళెంలో కూడా అక్కర్లేదు, ఒళ్ళో ఉంటే చాలు. ఒక్క దోసకాయ వారం రోజులు వచ్చింది. ఇంట్లో పొదుపు పెరిగిందని సత్తెమ్మ సంతోషించింది.

ఇక నడక. పట్టీ చేతికి బిగుతుగా ఉందని తౌడు విప్పి, ఊరికే పడి ఉండటం ఎందుకని దూడ కాలికి కట్టాడు. దూడ సాయంత్రానికి పద్ధెనిమిది వేల అడుగులు గెంతింది. గురువులు కాగితం చూసి పదిహేను పాయింట్లన్నాడు. తౌడు పళ్ళెం తెచ్చుకుని కూర్చున్నాడు. నీలవేణి ఒప్పుకోలేదు.

"కష్టం దూడది. దాని పాయింట్లు మీరెలా తింటారు మరిదిగారూ? పాపం తగుల్తాది."

ఆ మాట న్యాయంగా తోచింది. ఇంకేముంది, దూడకి ఏడు ఇడ్లీలు పెట్టారు. పద్నాలుగైంది. మిగిలిన ఒక్క పాయింటుకి సగం ఇడ్లీ విరిచి పెట్టారు. ఆ తర్వాత మూడురోజులు దూడ గెంతలేదు.

గురువులు తంటా వేరే రకం. వంద గ్రాముల అన్నానికి నూట ముప్పై క్యాలరీలని కాగితంలో ఉంది. వంద గ్రాములు తూచాడు. అయితే ఒక్క మెతుకుకి ఎంతో తెలియాలి కదా. మెతుకులు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఆరువందల దాకా వెళ్ళాక నీలవేణి, "పప్పు వెయ్యనా?" అంది. లెక్క పోయింది. మళ్ళీ ఒకటి నుంచి. తొమ్మిదివందల దగ్గర సత్తెమ్మ తుమ్మింది. మళ్ళీ ఒకటి నుంచి. వెయ్యి దాటాక కోడి వచ్చి ఒక మెతుకు ఎత్తుకుపోయింది. ఆ మెతుకు లెక్కపెట్టిన వైపుదా, పెట్టని వైపుదా? తేలలేదు. సాయంత్రానికి అన్నం చల్లారి గట్టిపడింది. తిననిదానికి ఎంత రాయాలో కాగితంలో లేదు, కాబట్టి గురువులు పుస్తకంలో ఏమీ రాయలేదు. రోజూ ఇదే వరస.

పదిహేనోరోజు ఇద్దరూ కాటా ఎక్కారు. తౌడు తొంభై ఆరు. గురువులు యాభై ఏడు.

"నాలుగు పోయాయి, నాలుగు వచ్చాయి," అంది సత్తెమ్మ తృప్తిగా. "ఇంట్లోది బయటికి పోలేదు."

గురువులు మాత్రం తమ్ముడి మొహంలోకి చూశాడు. "ఆ నాలుగూ నావి. ఇచ్చెయ్."

"నేను తీసుకోలేదన్నయ్యా, దోసకాయ మీద ఒట్టు."

"మరి ఎలా చేరాయిరా?"

ఆ గొడవ తేలేసరికి రెండు పూటలు పట్టింది. గొడవ అయ్యాక తౌడు కూలబడి, "ఇంక పదహారు తగ్గాలి. ముత్యాలు నాకు దక్కదు," అన్నాడు. అతను అంత మెల్లగా మాట్లాడటం ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. గురువులు గుండె కరిగింది. కాగితం తీసి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు.

"తమ్ముడూ, ఇందులో బెల్లం లేదు."

"లేకపోతే?"

"సున్నాదైతే సున్నా అని రాసుండేది. అసలు రాయనేలేదు. అంటే సున్నా కన్నా తక్కువ. సున్నా కన్నా తక్కువది తింటే?"

"తగ్గుతాను!" అని తౌడు లేచి నిలబడ్డాడు.

అంతే. అటక మీంచి ఒక దిమ్మ దిగింది. పూటకి పావుకిలో, రోజుకి రెండు పూటలు, మందు వేసుకున్నట్టు కళ్ళు మూసుకుని మింగాడు. ఇరవై రోజుల్లో దిమ్మ అయిపోయింది. ఆ మధ్యలో ముత్యాలు ఫోన్ చేసి, ఎలా సాగుతోందని అడిగింది. తౌడు దోసకాయ సంగతి మొదటి నుంచి చివరిదాకా గర్వంగా చెప్పాడు.

"బావా, నువ్వు ఆసుపత్రిలో చేరింది ఏ నెలలో?" అని మాత్రం అడిగి ఫోన్ పెట్టేసింది.

పండగ వచ్చింది. గుడి ముందు దూలానికి రెండు పళ్ళేల పెద్ద త్రాసు వేలాడదీశారు. ఒక పళ్ళెంలో తౌడు కూర్చున్నాడు. ఒళ్ళో దోసకాయ ఉంది. రెండో దాంట్లో ఏడు దిమ్మలు పేర్చారు. తౌడు పళ్ళెం నేలకి అతుక్కుపోయింది. బెల్లం గాల్లో ఊగింది. పూజారి అసిరయ్య బెల్లం పక్కన తూకపురాళ్ళు వేసి తూచి చూశాడు.

"సత్తెమ్మా, నీ కొడుకు తొంభై ఎనిమిది. బెల్లం డెబ్భై. ఇరవై ఎనిమిది కిలోలు లోటు."

"దోసకాయ పట్టుకునే కూర్చున్నాడు కదండీ?" అన్నాడు గురువులు ఆశ్చర్యంగా.

ముత్యాలు తండ్రి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "అయిపోయింది. పదమ్మా, పోదాం."

తౌడు పళ్ళెంలోంచే, "ముత్యాలూ, నన్నొగ్గేస్తావా?" అన్నాడు.

"ఒగ్గెయ్యాలన్నా ముందు నిన్ను లేపాలి కదా బావా," అని ఆమె చేతిసంచీలోంచి ఒక చీటీ తీసింది. "పూజారిగారూ, అత్త మొక్కుకుంది ఏ కొడుకెత్తు? మంచాన పడి ఉన్న కొడుకుని చూసే కదా! ఆ వారం ఆసుపత్రిలో బావని తూచి రాసింది నేనే. రిజిస్టరు వెతికి రాసుకొచ్చాను. అరవై ఎనిమిది."

అసిరయ్య చీటీ చూశాడు, అమ్మవారి వైపు చూశాడు, కాసేపు గడ్డం గోక్కున్నాడు. "న్యాయమే. అప్పటి కొడుకెత్తు ఇస్తే మొక్కు తీరినట్టే."

తౌడుని నలుగురు పట్టి దింపారు. అతని చోట అరవై ఎనిమిది కిలోల రాళ్ళు వేశారు. ఈసారి బెల్లం పళ్ళెం కిందికి దిగింది.

"రెండు కిలోలు మిగులు," అన్నాడు అసిరయ్య. "శుభం. ఎక్కువిస్తే తల్లి ఏమీ అనుకోదు."

వాళ్ళు అక్కడితో ఇంటికి వెళ్ళిపోవచ్చు. కానీ సత్తెమ్మ రాళ్ళ పళ్ళెం కింద చేతులు పెట్టి గొల్లుమంది. "నాయనోయ్! నా కొడుకు రెండు కిలోలు చిక్కిపోయాడు! ఎత్తుకి ఎత్తని మొక్కాను, తక్కువ కొడుకుని ఎలా చూపించను?"

"ఏడవకమ్మా, పెడితే సరి," అన్నాడు గురువులు.

ఇంకేముంది, రాళ్ళ పక్కన తౌడుని కూర్చోబెట్టి, పై దిమ్మ పగలగొట్టి రెండు కిలోల బెల్లం అతని నోట్లో కుక్కారు. నీలవేణి మధ్య మధ్యలో మంచినీళ్ళు పట్టింది. ముత్యాలు ఆపబోయింది కానీ, ఒక్కో ముక్కా తగ్గేకొద్దీ బెల్లం పళ్ళెం పైకి లేవడం చూసి ఆగిపోయింది. చివరి ముక్కతో రెండు పళ్ళేలూ గీత గీసినట్టు సమానంగా నిలిచాయి.

"చూశారా!" అంది సత్తెమ్మ జనం వైపు తిరిగి. "కడుపునిండా తిన్నాడు, సరిపోయాడు."

అసిరయ్య ఏదో చెప్పబోయి, ముత్యాలు మొహం చూసి, గంట కొట్టేశాడు. మొక్కు తీరింది. ముత్యాలు తండ్రి కండువా తీసి మళ్ళీ కూర్చున్నాడు. వచ్చే బుధవారం పెళ్ళని అక్కడే ఖాయమైంది.

సత్తెమ్మకి ఆనందం పట్టలేదు. ఎవరూ ఆపేలోగా గబగబా గుడి గడప దగ్గరికి వెళ్ళి చేతులు జోడించి, ఊరంతా వినేలా అంది: "తల్లీ! పెళ్ళి చల్లగా జరిగితే, వచ్చే పండక్కి ఇద్దరెత్తూ బెల్లం ఇస్తాను! ఏ రోజు ఎత్తని మళ్ళీ మాట రాకూడదు, ఆ రోజుకి ఎంతుంటే అంత!"

ముత్యాలు అలాగే నేల మీద కూలబడింది. తౌడు ఆమె పక్కన చతికిలబడి, మూతికంటిన బెల్లం తుడుచుకుంటూ, "నువ్వెంతుంటావు?" అని అడిగాడు.

"యాభై రెండు," అంది ఆమె నీరసంగా.

"భయపడకు ముత్యాలూ," అన్నాడు గురువులు. అప్పటికే కళ్ళు మూసుకుని లెక్క తేల్చేశాడు. "నిన్నూ తమ్ముణ్ణీ కూడితేనే కష్టం. కూడొద్దు. హెచ్చవేద్దాం. ఈసారి తప్పెక్కడ జరిగిందో నాకు తెలిసింది. వీడి ఒళ్ళో ఉన్నది వాడిపోయిన దోసకాయ."

ఆ సాయంత్రమే సంతకెళ్ళి వచ్చే ఏటి పండక్కి దోసకాయ తెచ్చి అటక మీద భద్రంగా పెట్టాడు. రెండు తెచ్చాడు, మనుషులు ఇద్దరు కదా అని.