ఏటిపాలమ్మ తల వంచిన వృత్తాంతం

పూర్వం వంకేటి తీరాన పెదగట్టు అనే గ్రామాన్ని రాజధానిగా చేసుకొని, ఏడు ఊళ్లను ఏలుతూ డెబ్భై ఊళ్లకు వినబడేలా గర్జించిన నరసింగభూపతి అనే ప్రభువు ఉండేవాడు. ఆయన మీసం మెలివేస్తే ఆవలి గట్టున పాలు విరిగేవనీ, ఆయన తుమ్మితే మూడామడల దూరాన కొంగలు గుడ్ల మీంచి లేచేవనీ మా పెద్దలు చెప్పేవారు. నేను కొంత తగ్గించే చెబుతున్నాను. ఆయన కీర్తిని గానం చేసే ఆస్థానవంది కుమారన్న మా వంశకర్త. ఊపిరి తిప్పుకోకుండా నూటెనిమిది బిరుదులు చదివి, నూటతొమ్మిదోది అక్కడికక్కడ పుట్టించగల కంఠం ఆయనది.

ఆ ఊరి ఇలవేల్పు ఊర్ధ్వముఖీదేవి, పేరుకు తగ్గట్టు ఆకాశం వైపు ముఖమెత్తిన శిలామూర్తి. ఆలయానికీ ఏటికీ నడుమ అరక్రోశం పొడవున ఏటిపాల వనం ఉండేది. నీటి అంచున తుంగ, దాని వెనుక రెల్లు, ఆ పైన బూడిదరంగు బెరడుతో ఏటిపాల చెట్లు, వాటి మొదళ్ల సందుల్లో కణప పొదలు, మెరక మీద వావిలి, ఒకదాని వేళ్లు ఒకటి పట్టుకొని పెరిగేవి. ఏటా శ్రావణంలో వంకేరు పొంగి వనం మీదుగా పారినప్పుడు ఆ చెట్లు దిగువకు వంగి, వరద తీయగానే లేచేవి. అయినా తరతరాల వరదలకు వాటి తలలన్నీ దిగువకే వాలి, ఆ వాలులోనే స్థిరపడ్డాయి.

ఆ దిగువనే దిగువలంక అనే గ్రామం ఉన్నది. పెదగట్టుకూ దానికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఒక యేడు దిగువలంక తీర్థంలో కుమారన్న, మా ప్రభువు ఎవరికీ తల వంచడని దిక్కులు పిక్కటిల్లేలా పాడుతుండగా, పడవ నడిపే గవరయ్య అనేవాడు లేచాడు.

“ఏమయ్యో కుమారన్న బావా! మీ రాజు ఎవరికీ తల వంచడంటివి గదా. మరి మీ గట్టున చెట్లన్నీ పొద్దున లేస్తే మా ఊరికేసి దండాలు పెడతన్నాయేంటి?”

తీర్థమంతా గొల్లున నవ్వింది. నూటతొమ్మిదో బిరుదు పుట్టించగల ఆ నోటికి ఆ క్షణాన ఒక్క మాట పుట్టలేదు.

పుట్టింది, తిరుగుదారిలో. ఇల్లు చేరేసరికి ఒక్కడి వేళాకోళం వెయ్యిమంది ధిక్కారమైంది. నవ్వు డప్పుల మోత అయింది. లేని రాయి ఒకటి మా ప్రభువు పేరు మీద పడింది. గోరంతను కొండంత చేసే విద్య మా ఇంటిది. ఆ విద్యనంతా ఆయన ఆనాటి కొలువులో ప్రదర్శించాడు. భూపతి కన్నులు ఎర్రబడగా, “వంగే చెట్టు నా గట్టున ఉండరాదు. నిటారుగా రాతిగోడ లేపండి” అని చేయెత్తి ఆజ్ఞాపించాడు.

అప్పుడు ఆ వనపు పుల్లలతో బుట్టలల్లుకొని బతికే పోలి అనే వృద్ధురాలు కొలువులోకి వచ్చి, నేల మీద చేతులానించింది. “దొరా, అయ్యి ఎవరికీ దండం పెట్టట్లేదు. ఏటికి దారిత్తన్నాయి. తుంగ మట్టిని పట్టుద్ది, రెల్లు జోరు తగ్గిచ్చుద్ది, ఏటిపాల వంగి నీళ్లని తన ఈపు మీంచి దాటిచ్చుద్ది. అయ్యి వంగబట్టే మన ఇళ్లు నిలబడ్డాయి. కొట్టమాక దొరా.”

భూపతి ఎత్తిన చేయి దించాడు. అరక్షణం ఆలోచించాడు. ఆ అరక్షణంలో మా కుమారన్న ఊరుకొని ఉంటే ఈ కథే లేదు. “వంగి వంగి బుట్టలల్లే ముసలిదానికి నిలబడ్డం సంగతేం తెలుసు ప్రభూ!” అన్నాడు. కొలువు నవ్వింది. ప్రభువూ నవ్వాడు. నవ్విన వెంటనే గొడ్డళ్లు లేచాయి.

పోలి వెళ్తూ వెళ్తూ కుమారన్న ముందు ఆగింది. “నీ నోరు పెద్దది నాయనా. ఏరు దానికంటే పెద్దది” అని మాత్రం అన్నది.

వనం తొమ్మిది రోజుల్లో నేలకొరిగింది. గోడకు రాళ్లు మోసిన ఎడ్లు మూడువేలనీ, ఆ గోడ నీడ పడి మధ్యాహ్నాలు చల్లబడ్డాయనీ చెప్పగలను. వరద సంగతి వచ్చేసరికి మాత్రం నేను అంకెలు పెంచను. శ్రావణ బహుళ పంచమి నాడు గోడ కూలింది. పదకొండు ఇళ్లు పోయాయి. పందొమ్మిదిమంది పోయారు, వారిలో పోలి ఒకతె. వేళ్లు లేని గట్టు ముద్దలు ముద్దలుగా జారి, ఆలయంతో సహా ఏట్లో కలిసింది.

కొట్టుకుపోయిన కుమారన్నను దిగువలంక ఏటిపాల చెట్లు పట్టుకున్నాయి. వంగిన కొమ్మల మీద బోర్లాపడి ఉన్న ఆయనను పడవ వేసుకొచ్చి విడిపించినవాడు గవరయ్యే. అతడు దెప్పలేదు. కళ్లు దించుకొని, “ఏళాకోళానికన్నాను బావా. చెట్లు కొట్టేత్తారనుకోలేదు” అన్నాడు. నిజం చెబుదామని కుమారన్న నోరు తెరిచాడు గాని, నీళ్లే వచ్చాయి.

వరద తీశాక అమ్మవారి విగ్రహం అదే తోపులో, వేళ్ల వలలో చిక్కి, పోలి అల్లిన బుట్ట ఒకటి ఒడిలో పెట్టుకొని కనిపించింది. మింటిని చూసిన ఆ ముఖం మంటిని చూస్తోంది. ఆ కబురు విన్న భూపతి తలపాగా తీసి, కాలినడకన దిగువలంక వెళ్లి, అమ్మను దర్శించి కొమ్మలు యాచించాడు. మొదటి మోపు మోసినవాడు కుమారన్న. ఆ కొమ్మలను బురదలో గుచ్చితే, గుచ్చినవన్నీ వేరు పట్టాయి.

పెదగట్టుకు తిరిగి తెచ్చుకున్న ఆ దేవి ఏటిపాలమ్మ అయి, నేటికీ తల వంచుకొనే ఉన్నది. ఒడిలో బుట్ట అల్లిక గుర్తు రాతి మీద చేతికి తగులుతుంది. ఏటా వరద తీయగానే ఊరంతా దిగువలంక వెళ్తాం. గవరయ్య వంశీకుడు “ఎందుకొచ్చారు?” అని నేల చూస్తూ అడుగుతాడు. మా ఇంటివాడు బిరుదులు లేకుండా, “మా చెట్లు మా మాట వల్లే పడ్డాయి. ఒక్క కొమ్మ ఇప్పించండి” అనాలి. నలభై ఒక్క యేళ్లుగా అనేవాణ్ని నేనే. నేను ఖంగుమంటే మూడూళ్లకు వినబడుతుందంటారు. అక్కడ మాత్రం నా మాట రెండో వరుస దాటదు. గట్టిగా చెప్పమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.