నూకాలు మింగేసిన మూడు మాటలు

పలక పక్కన పెట్టవే తల్లీ. ఇవాళ బళ్ళో ‘వ’ దిద్దావుగా, దాని కథే చెబుతా.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక జాలరిపల్లె. అందులో నూకాలు, ఆమె మొగుడు ఎర్రయ్య, వాళ్ళ కూతురు వరాలు ఉండేవాళ్ళు. ఆ ఇంట్లో నూకాలు నోట ‘వ’తో మూడు మాటలు రోజూ వినబడేవి. ఎర్రయ్య వేటకి బయల్దేరుతూ “వెళ్ళొస్తా” అంటే, నూకాలు “వెళ్ళిరా” అనేది. తిరిగొస్తే “వచ్చావా?” అనేది. కాళ్ళు కడుక్కోగానే “వడ్డించనా?” అనేది. ‘పోతాను’ అన్న మాట మాత్రం ఆ గడప దగ్గర ఎవరూ అనకూడదు. నీళ్ళ మీద బతికేవాళ్ళు కదా, మాటకి భయపడతారు.

ఒకనాడు నూకాలు తమ్ముడు గవరయ్య కూడా బావతో వేటకి బయల్దేరాడు. “వెళ్ళొస్తానక్కా” అన్నాడు. ఇద్దరినీ “వెళ్ళిరండి” అంది నూకాలు. సాయంత్రం పడవ వచ్చింది. ఎర్రయ్య దిగాడు, గవరయ్య దిగలేదు.

అప్పటినుంచి నూకాలు ఆ మూడు మాటలూ మింగేసింది. నా నోరే తమ్ముణ్ణి పొట్టన పెట్టుకుంది అనుకుంది. ఏడవనూ లేదు. పిచ్చిది! సముద్రం ఎవరి మాట వింటుంది గనక?

నెల తిరిగాక ఎర్రయ్య మళ్ళీ గడపలో నిలబడి “వెళ్ళొస్తా” అన్నాడు. నూకాలు పొయ్యి వైపు తిరిగింది.

ఎర్రయ్య రేవుకి వెళ్తే పడవ పెద్ద అడిగాడు, “ఇంటిది ఏమందిరా?”

“ఏమీ అనలేదు.”

“అయితే ఎక్కకు. ఇంటి మాట లేనివాణ్ణి తీసుకెళ్ళం.”

ఆ ఊరి కట్టుబాటు అది. మర్నాడూ అంతే అయింది. ఇంట్లో గంజి తప్ప ఏమీ మిగల్లేదు.

మూడోనాడు పడవ పెద్ద అడిగితే, “వెళ్ళిరా అంది” అని ఎర్రయ్య అబద్ధమాడి పడవెక్కాడు. గంజి ముంత ఇవ్వడానికి వెళ్ళిన వరాలు అది విని ఇంటికి పరుగెత్తింది.

“అమ్మా, నాన్న అబద్ధమాడి వెళ్ళాడే!”

నూకాలు ఉన్నపళంగా రేవుకి పరుగెత్తింది. పడవ అప్పటికే అలలు దాటేసింది. “వెళ్ళిరా మావా!” అని గొంతు పోయేలా అరిచింది. ఆ హోరులో ఎవరికి వినబడుతుంది? ఆ తర్వాత పొద్దస్తమానం ఇసుకలోనే కూచుంది. పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

పొద్దు వాలాక పడవ వచ్చింది. ఎర్రయ్య దిగాడు. నూకాలు వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది.

“అబద్ధమెందుకాడావు మావా? నేను ‘వెళ్ళిరా’ అంటే నువ్వూ తిరిగి రావని కదా అనలేదు!”

“ఆ రోజు నన్నూ వెళ్ళిరా అన్నావు. నేను వచ్చాను కదే” అన్నాడు ఎర్రయ్య. “మీవాడు దారంతా నవ్వుతూనే ఉన్నాడు. మా అక్క నోరారా పంపింది, నాకేం భయం అన్నాడు.”

అప్పుడు ఏడ్చింది తల్లీ, నూకాలు. తమ్ముడు పోయిన ఇన్నాళ్ళకి, రేవంతా వినబడేలా ఏడ్చింది. ఎర్రయ్య ఊరుకోమనలేదు. పక్కనే ఇసుకలో కూలబడి తనూ ఏడ్చాడు.

కథ కంచికి నడిచింది,
కడలి హోరు అణిగింది,
మన ఇల్లు మనకుంది,
నిద్ర నిన్ను పిలిచింది.