రాణివాసంలో చూలాళ్లు

రాణిగారికి నెలలు నిండాయి. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ మంత్రసాని బూసమ్మ ఒక్కతే. రాజు ఆమెను పిలిపించి, "కాన్పయ్యేదాకా రాణివాసం గడప దాటావో, చెరసాలే!" అన్నాడు.

మర్నాటికల్లా రాణివాసం నిండా నిండుచూలాళ్లే!

"ఎవరే వీళ్లంతా?" రాజు మండిపడ్డాడు.

"నన్ను గడప దాటొద్దన్నారు. వీళ్ల నొప్పులు నాకోసం ఆగవు కదా, మహారాజా! అందుకే ఇక్కడికే రమ్మని కబురంపాను."

గెంటేయమనబోయిన రాజు ఆగిపోయాడు. ఇన్నాళ్లూ భయంతో ముద్ద ముట్టని రాణి, కుమ్మరింటి కోడలి చెయ్యి పట్టుకుని నవ్వుతోంది.

వారం తిరక్కుండా రాణి ఆడపిల్లను కన్నది. రాజు బిడ్డను ఎత్తుకుని, "ఏం కావాలో కోరుకో, బూసమ్మా!" అన్నాడు.

"ఊరికో పిల్లను నా దగ్గరికి పంపండి, పని నేర్పుతాను."

"నువ్వున్నావుగా! అంతమంది ఎందుకు?"

బూసమ్మ పసిదాని బుగ్గ నిమిరింది.

"ఈ చిట్టితల్లికి నొప్పులొచ్చేనాటికి నేనుండను కదా, ప్రభూ!"