కౌసుంభి తాగని పాయసం

పూర్వం కృతయుగాంతంలో, వంజరా నది దండకారణ్యాన్ని ఒరుసుకుంటూ పారే చోట, రాలిన ఆకులు మాత్రమే ఆరగిస్తూ ఉగ్రతపస్సు చేసి ఆ పేరు సంపాదించుకున్న తృణపర్ణ మహర్షి ఆశ్రమం కట్టుకుని నివసించేవాడు. ఆయన ధర్మపత్ని కౌసుంభి. బాల్యంలోనే వాగ్దేవి ఎదుట వర్ణవ్రతం పట్టిన సాధ్వి. ఆ నదిలో నీరు తాగే సమస్త ప్రాణులనూ, చీమ మొదలు ఏనుగు వరకు, ఒకే వస్త్రం మీద చిత్రించాలన్నది ఆ వ్రతం. పాణిగ్రహణ సమయాన ఆమె ఆ మాట దాచలేదు. వ్రతం ఎప్పటికి ముగుస్తుందో తనకు తెలియదనీ, బిడ్డను కనే విషయం తన నోట వచ్చేదాకా ఎవరూ ఎత్తరాదనీ అగ్ని ఎదుటే అడిగింది. యువకుడైన తృణపర్ణుడు ఆమె చిత్రించిన లేళ్లను చూసి మురిసిపోతూ సరేనన్నాడు.

ఏళ్లు గడిచాయి. కొత్త బట్టలు అతుకుపడుతూ వస్త్రం పెరుగుతూ వచ్చింది, ఊయల మాత్రం రాలేదు. తృణపర్ణుని పినతండ్రి, యజ్ఞవిద్యాపారంగతుడు, శతవల్కలుడనే వృద్ధ మహర్షి, వచ్చినప్పుడల్లా చిత్రాన్ని తేరిపార చూసి, ఇన్ని పిల్లలను గుడ్డ మీద కంటున్నావు గానీ ఒక్కటీ మనకు తర్పణం విడవదు కదమ్మా అని నవ్వేవాడు. ఋషిపత్నులు రంగులంటిన ఆమె వేళ్లను చూసి, పసిబిడ్డకు స్నానం చేయించే చేతులేనా ఇవి అని గుసగుసలాడేవారు. ఆశ్రమ బాలలకు ముళ్లు గుచ్చుకుంటే తీసేదీ, తలలు దువ్వేదీ ఆ చేతులే అని వారికి తెలియక కాదు. కౌసుంభిని కలవరపెట్టింది వారి మాటలు కాదు, ఆ మాటలు పడుతున్నప్పుడు భర్త నేల చూపులు చూడడం.

ఒక శరత్కాలంలో, ఆమె నదీతీరాన కొంగల కంఠాలకు నలుపు సిద్ధం చేసుకుంటూండగా, శతవల్కలుడు తృణపర్ణుణ్ణి ఒప్పించి పుత్రకామేష్టికి సంకల్పం చెప్పించాడు. కౌసుంభిని అడగలేదు. పత్ని వచ్చి దర్భతో భర్తను తాకి కూర్చుంటే చాలు, తక్కినదంతా మంత్రమే చూసుకుంటుందని ఆ వృద్ధుని నమ్మకం. యజమానిగా కూర్చునే తృణపర్ణునికి కప్పడానికి పసుపులో తడిపిన కొత్త వస్త్రం వెతుకుతూ, దండెం మీద లేత పసుపు వన్నెలో ఆరుతున్న నూలు బట్ట కనబడగానే, కోడలే శుభమని ఆరవేసి ఉంచిందనుకుని తీసుకుని ఆయనకు కప్పాడు. అది పసుపు కాదు. చిత్రం గీయడానికి ముందు గేదెపాలలో, కరక్కాయ పొడిలో నానబెట్టి ఎండబెట్టిన వస్త్రం. రంగుపని ఎరిగిన వారెవరూ పొరబడరు. యజ్ఞపని మాత్రమే ఎరిగిన వారు పొరబడ్డారు.

ఋత్విక్కులు పిలవగా, ఏదో నిత్యహోమమనుకుని, ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టిన కషాయం చేతుల మీద తడి ఆరకముందే కౌసుంభి పరుగున వచ్చింది. ఆ కషాయం చర్మం మీద కనబడదు, కరక్కాయ పట్టిన బట్టకు తగిలితేనే నల్లబడుతుంది. దర్భ పట్టుకుని భర్త వీపు తాకిన మరుక్షణం, కరక్కాయ పట్టిన ఆ వస్త్రం మీద ఆమె అయిదు వేళ్ల ముద్ర కాటుకలా నల్లబడింది. అపశకునమన్నారు కొందరు. వేదిక చుట్టూ పేర్చిన సంభారాలను చూసి, ఋత్విజుల నోట సంకల్పవాక్యం విని, కౌసుంభికి విషయం బోధపడింది.

అంతలో హోమగుండం నుండి చతుర్ముఖుడైన ప్రజాపతి స్వయంగా ఆవిర్భవించి, వెండి పాత్రలో పాయసం అందించాడు. కౌసుంభి పాత్ర అందుకుంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆమె దానిని వేదిక మీద పెట్టి చేతులు కట్టుకుంది.

"తాగమ్మా, దేవుడు ఎదురుచూస్తున్నాడు," అన్నాడు శతవల్కలుడు.

"మామగారూ, ఆకలి వేసింది మీకు. అన్నం పెట్టింది నాకు. అడిగితే బాగుండేది," అన్నది కౌసుంభి.

ప్రజాపతి మందహాసం చేసి, ఆమె వ్రతమే అడ్డమైతే తన సంకల్పమాత్రాన ఆ వస్త్రం ఈ క్షణమే పూర్తి కాగలదని, చిత్రించవలసిన ప్రాణి ఒక్కటీ మిగలదని, ఆపై నిశ్చింతగా తల్లి కావచ్చని వరమివ్వబోయాడు. ఆ మాటకు ఋషిపత్నులంతా చేతులు జోడించారు. కౌసుంభి మాత్రం జోడించలేదు.

"స్వామీ, మీరు పూర్తి చేస్తే అది మీ వస్త్రమవుతుంది. సృష్టి చేస్తూండగా మిమ్మల్ని ఎవరైనా పక్కకు జరిపి, మిగిలిన పర్వతాలు మేం పెడతాం అంటే ఊరుకునేవారా? బిడ్డంటే నాకు ద్వేషం లేదు. కావాలని తోచిన రాత్రులూ ఉన్నాయి. కానీ ఆ కోరిక నాది, దాని వేళ నాది. మీ తొలి మానసపుత్రులు మీ ఎదుటే నిలబడి, సంతానం కనం పొమ్మన్నారు. వారిని మహాయోగులని కొలుస్తున్నాం. ఒక గృహిణి ఇప్పుడు కాదంటే మాత్రం దోషమా?"

శతవల్కలుని ముఖం జేవురించింది. పితృదేవతల గతి ఏమిటని గద్దించాడు. ఆమె మాత్రం భర్త వైపు తిరిగింది. అగ్నిసాక్షిగా తానేం అడిగిందో, ఆయనేం అన్నాడో అందరి ముందూ చెప్పమన్నది. ఆయన నోరు విప్పకపోతే ఈ పాత్రను ఇక్కడే వదిలి నదీతీరానికి పోతానని, మళ్లీ ఈ గడప తొక్కనని నెమ్మదిగా చెప్పింది.

హోమజ్వాల తగ్గింది. తృణపర్ణుడు లేచి నిలబడ్డాడు.

"మాట ఇచ్చాను. తప్పాను. సంకల్పంలో నా పేరు ఒక్కటే ఉంది, అది సంకల్పమే కాదు," అన్నాడు.

అగ్ని సాక్షి గనుక, ఆ మాటతో జ్వాల మళ్లీ నిటారుగా లేచింది. ప్రజాపతి నాలుగు ముఖాలూ కాసేపు ఒకదానినొకటి చూసుకున్నట్లు అనిపించింది. అనంతరం ఆయన, పత్ని తన నోట పలకని ఇష్టి ఇష్టి కాదనీ, పాయసం అగ్నిగర్భంలో చెడకుండా ఉంటుందనీ, ఆమె పిలిస్తే వస్తుందనీ, పిలవకపోతే ఏ దోషమూ ఉండదనీ, అంతవరకు ఆ కులపు పితరులకు ఆమె చేతి తిలోదకమే చాలుననీ వరమిచ్చి అంతర్ధానమయ్యాడు. ఆనాటి నుంచి ఆ ఆశ్రమంలో ఋత్విక్కులు పుత్రకామేష్టికి కూర్చునే ముందు పత్నిని అడిగి, ఆమె ఔనన్న తరువాతనే దర్భలు పరిచేవారు.

మరునాడే కౌసుంభి కొత్త బట్ట నానబెట్టింది. నలుపు పట్టిన బట్టను పారే నీటిలో ఉతకాలి, నేల తగలనీయకుండా ఇద్దరు పట్టుకుని పిండాలి. ఒక కొస తృణపర్ణుడు పట్టుకునేవాడు. తరువాతి శరత్తులో శతవల్కలుడు మళ్లీ వచ్చాడు. తృణపర్ణుడు సమిధలకు అడవికి వెళ్లాడు. కౌసుంభి మోకాలి లోతు నీటిలో నిలబడి ఉంది. వృద్ధుడు ఒడ్డునే తటపటాయించి, గొంతు సవరించుకుని, అమ్మాయీ, ఏమైనా ఆలోచించావా అని అడిగాడు. ఈసారి నిజంగానే అడిగాడు.

"ఆలోచిస్తున్నాను మామగారూ. ఈలోగా ఈ కొస పట్టుకోండి, ఇసుక తగులుతోంది."

శతవల్కల మహర్షి కమండలం ఒడ్డున పెట్టి, వల్కలం ఎగదోపుకుని, నీటిలోకి దిగాడు.