పడిమొక్కల పోటీ

అనగనగా ఒక వాగు, పిల్లలూ. వాగుకు అటొక అడవి, ఇటొక అడవి. తూర్పు అడవికి రాజు అడవిదున్న. ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది. పడమటి అడవికి రాజు ముసలి ఏనుగు. తినడం, తిరగడం తప్ప దానికి వేరే పరిపాలన తెలియదు.

ఎవరి అడవి గొప్పదో తేల్చే పని వాగులో నిలబడే కొంగది. ఐదు వానాకాలాలకు ఒకసారి అది రెండు వైపులా కొండలన్నీ తిరిగి చూసేది. నియమం ఒక్కటే. ఎవరో నాటిన మొక్కలు లెక్కలోకి రావు. గింజ తనంతట తాను పడి మొలవాలి. దాన్నే పడిమొక్క అంటారు.

మొదటిసారి కొంగ చెప్పింది: "తూర్పున పన్నెండు కొండల అడవి. పడమట ఏడు."

దున్నరాజు ఆ గెలుపును ఘనంగా జరుపుకుంది. సంబరాలకు మైదానం కావాలని రెండు కొండల మీది చెట్లు కొట్టించింది.

రెండోసారి కొంగ చెప్పింది: "తూర్పున పది. పడమట ఎనిమిది."

"చూశావా, ఇప్పటికీ మేమే ఎక్కువ!" అంది దున్నరాజు.

"ఎక్కువే దొరా. తగ్గింది కూడా మీదే," అంది కొంగ.

రాజుకు ఒళ్లు మండింది. మంత్రిని పిలిచింది. మంత్రి ఒక తొండ. రాజు ఏమన్నా తల ఊపడమే దాని అర్హత.

"ఈ నేరం ఎవరిదో కనిపెట్టు," అంది రాజు.

తొండ మైదానం వైపు చూడలేదు. నేరుగా నేరేడు చెట్ల కిందికి వెళ్లింది. అక్కడ పండ్లు తింటున్న ఎలుగుబంటిని, దాని రెండు పిల్లలను సభకు తీసుకొచ్చింది.

"మహారాజా, పండ్లన్నీ దీని పొట్టలోకే పోతున్నాయి. ఇక గింజ నేల మీద ఎలా పడుతుంది?"

"గింజ నా పొట్టలో ఆగదు దొరా," అంది ఎలుగుబంటి. "తెల్లారేసరికి ఏ పొద పక్కనో..."

"ఛీ! సభలో ఆ మాటలేంటి?"

"మొలిచేది అక్కడే దొరా. నేను పుట్టిన చోటు ఇది. నా పిల్లలకు వేరే దారి తెలియదు."

"దారి మేం చూపిస్తాం," అంది రాజు. తొండ తల ఊపింది. ఆ పూటే ఎలుగుబంటి పిల్లలను వీపున ఎక్కించుకుని వాగు దాటింది.

అవతల ఏనుగు అడిగింది: "ఏం పని చేస్తావమ్మా?"

"పండ్లు తింటాను తాతా. తిని తిరుగుతాను," అంది ఎలుగుబంటి, సిగ్గుపడుతూ.

"నేనూ అంతే. కొలువులో చేరిపో."

ఇక్కడ తూర్పున పనులు జోరందుకున్నాయి. మొలకలకు చోటు కావాలని నేరేడు చెట్లతో సహా నాలుగు కొండల మీది తుప్పలన్నీ నరికించారు. వాటి నీడన అప్పటికే మొలిచిన మొలకలు కూడా వాటితోపాటే పోయాయి. తర్వాత కోతులను పిలిచి మొక్కలు మోయించారు.

"నాటకండి, పడెయ్యండి. పడి మొలిస్తే పడిమొక్కే కదా!" అంది తొండ.

అయితే రాజు చూడ్డానికి వస్తుందని, బారెడు దూరానికి ఒకటి చొప్పున వరసగా పడేయించింది.

మూడోసారి కొంగ వచ్చింది. ఆ వరసలను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది.

"తమంతట తాము పడ్డ మొక్కలు ఇలా బారులు తీరతాయా?"

"మా రాజ్యంలో క్రమశిక్షణ ఎక్కువ," అంది తొండ.

కొంగ వాదించలేదు. "తూర్పున ఆరు. పడమట పదకొండు," అని ఎగిరిపోయింది.

దున్నరాజు వాగు ఒడ్డుకు పరుగెత్తింది. వెనకే తొండ. అవతల ఎలుగుబంటి ఒక నేరేడు మొక్కను వాసన చూస్తోంది. ఆ మొక్క ఎక్కడి నుంచి వచ్చిందో దానికి బాగా తెలుసు.

"ఎలుగమ్మా, వెనక్కి రా! నీ పాత చోటు నీకే ఇస్తాను."

"అక్కడ ఏం తినమంటారు దొరా?"

రాజు వెనక్కి తిరిగి చూసింది. వరసలున్నాయి. పండు లేదు.

"పోనీ, అక్కడే తిను. తెల్లారగానే ఇటు వచ్చి... ఆ సభలో చెప్పిన పని చేసి వెళ్లు."

"వాగు దాకా ఆగదు దొరా," అంది ఎలుగుబంటి.

తొండ తల ఊపింది. ఈసారి ఎవరి మాటకో రాజుకు అర్థం కాలేదు.

నీతి: అడవిని పెంచడం చేతకాకపోయినా ఫరవాలేదు. పెంచేవాళ్లను వెళ్లగొట్టకపోతే చాలు.